యూనిక్సు నిర్వాహకుని కొలువు: చూచు విద్య, చేయు విద్య

సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు ఉద్యోగమునకై ఇంటర్వ్యూలకు పోవు మన యువతీయువకులలో పెక్కుమంది, అమీర్‌పేట శిక్షణాలయములలో వ్రాసికొనిన నోటుపుస్తకములను ఆమూలాగ్రము వల్లించి, ఏ కమాండునకు ఏ ఆప్షన్లు కలవో నిద్రలో లేపి యడిగినను చెప్పగల స్థితిలో పోవుదురు. ఐనను, ‘సర్వరులో డిస్కు నిండిపోయినది, ఏమి చేయుదువు?’ అను మిక్కిలి సామాన్యమైన ప్రశ్న యెదురైనప్పుడు, తటాలున ‘పాత లాగ్ ఫైళ్లను ఆర్ఎమ్‌తో తొలగింతును’ అని బదులు చెప్పి, ఆ యొక్క వాక్యముతోనే చేతికి రానున్న యవకాశమును జారవిడుచుకొనువారు వారిలో అనేకులు. ప్రశ్నించినవాడు వినగోరినది తొలగించు కమాండు కాదు. తొలగించుటకు ముందు ఏమేమి చూతువు, ఏ క్రమమున చూతువు అనునది. ఎన్ని కమాండులు కంఠస్థములు అనుదాని కంటె, ఏది చూచిన పిదప ఏది చేయవలయునో ఎరుగుటయే ఈ వృత్తిలో పాండిత్యమునకు గుర్తు అని నా అభిప్రాయము.

మౌసుతో నొక్కినంతనే సమస్తమును జరుగు క్లౌడ్ కన్సోళ్ల కాలమున, ఈ నల్లని తెర ముందు అక్షరములు కొట్టుచు కూర్చుండుట యెందులకని విద్యార్థులు శంకింపవచ్చును. శంక సహజమే గాని, క్లౌడునందు అద్దెకు దొరకు యంత్రములలో ఎన్నో లినక్సు యంత్రములే యనియు, వానిలోనికి ఎస్ఎస్‌హెచ్ ద్వారా ప్రవేశించినవానికి తుదకు కనబడునది ఆ నల్లని తెరయే యనియు తెలిసినప్పుడు ఆ శంక తీరును. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు పీడీపీ-7 అను చిన్న యంత్రము మీద ఆరంభించిన యూనిక్సు, 1973లో సీ భాషలో తిరిగి వ్రాయబడి, ఒకే యంత్రమునకు కట్టుబడియుండు దురవస్థను తప్పించుకొను మార్గము పట్టినది. ఒక ప్రోగ్రాము వెలువరించిన ఫలితమును వేరొక ప్రోగ్రామునకు నేరుగా అందించు పైపు అను ఏర్పాటు, డగ్లస్ మెకిల్రాయ్ పట్టుదల వలన ఆ కాలముననే అందు చేరినది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు, యూనిక్సు కోడును గ్రహింపకయే దాని సంప్రదాయమును గ్రహించినది. థాంప్సన్ వ్రాసిన గ్రెప్, 1977లో పుట్టిన ఆక్, నేటికిని అవే పనులను అదే తీరున చేయుచున్నవి. ఏటేట క్రొత్త ఫ్రేమ్‌వర్కులు వచ్చి పాతవానిని వెడలగొట్టు ఈ రంగమున, ఒకపరి నేర్చిన విద్య దశాబ్దముల తరబడి చెల్లుబడి యగుట కంటె ఉద్యోగార్థి కోరదగినది వేరేమి కలదు?

ఇక ఆ డిస్కు ప్రశ్నకు వత్తము. మొదట కొట్టవలసినది డీఎఫ్ మైనస్ హెచ్. ఏ ఫైల్ సిస్టమ్ ఎంత నిండినదో, అది ఏ డైరెక్టరీ మీద మౌంటు చేయబడినదో అది చెప్పును. పిదప నిండిన భాగములోనికి పోయి, డీయూను హెచ్, ఎక్స్ అను ఆప్షన్లతో నడిపి, దాని ఫలితమును పైపు ద్వారా సార్ట్ మైనస్ హెచ్‌కు అప్పగించినచో, పెద్ద డైరెక్టరీలు క్రమముగా అడుగున వచ్చి నిలుచును. ఎక్స్‌ను మరచినచో డీయూ ఇతర ఫైల్ సిస్టమ్‌ల లోనికిని చొచ్చి, అక్కరలేని లెక్కలను తెచ్చి కలుపును. ఇంతవరకు చాలమంది చెప్పుదురు. పరీక్షకుని అసలు ప్రశ్న ఇక్కడనుండి మొదలగును. డీఎఫ్ నూటికి నూరుపాళ్లు నిండినదనుచున్నది, డీయూ కూడి చూపిన మొత్తము అందు సగమైనను లేదు, మిగిలినది ఏమైనది?

దీనికి సమాధానము చెప్పుటకు యూనిక్సులో ఫైలు పేరు వేరు, ఫైలు వేరు అను సంగతి ఎరిగియుండవలయును. పేరు అనునది డైరెక్టరీలో వ్రాయబడిన పద్దు మాత్రమే. ఫైలు ఎంత, ఎవరిది, దాని సమాచారము డిస్కులో ఎచ్చట నున్నది అను వివరములు ఐనోడ్ అను దానియందుండును. ఆర్ఎమ్ చేయునది ఆ పద్దును కొట్టివేయుట. కట్టకడపటి పద్దు పోయిన పిమ్మటను, ఏదేని ప్రాసెస్ ఆ ఫైలును తెరచి పట్టుకొనియున్నంత కాలము దాని జాగా విడుదల కాదు. పేరు లేదు గనుక డీయూకు కనబడదు. జాగా ఆక్రమింపబడియున్నది గనుక డీఎఫ్ లెక్కించును. ఎల్ఎస్ఓఎఫ్‌ను ప్లస్ ఎల్1 అను ఆప్షన్‌తో నడిపిన, పేరు పోయియు తెరువబడియున్న ఫైళ్లును, వానిని పట్టుకొనియున్న ప్రాసెస్‌లును బయటపడును. అప్పుడు ఆ సర్వీసును రీస్టార్టు చేయుటయో, లాగ్‌ను తిరిగి తెరువుమని దానికి చెప్పుటయో తగిన చికిత్స. నడుచుచున్న లాగ్ ఫైలు మితిమీరి పెరిగినప్పుడు, దానిలోని సమాచారము అక్కరలేదని రూఢి యైన పిదప, దానిని తొలగింపక, ట్రంకేట్‌తో లోపలి సమాచారమును మాత్రము సున్న చేయుట మేలని చెప్పుటకు కారణము ఇదియే. మరియొక చమత్కారము కలదు: డీఎఫ్ జాగా పుష్కలముగా చూపుచుండగనే క్రొత్త ఫైలు పుట్టకుండుట. అట్లైనచో డీఎఫ్ మైనస్ ఐ కొట్టి చూడవలయును. ఏ అప్లికేషనో లక్షలకొలది చిన్న సెషన్ ఫైళ్లను పోగుచేసి, ఐనోడ్లను తుదముట్టించి యుండును. ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో నూటికి 5 వంతుల జాగా సాధారణముగా రూట్ యూజరు కొరకు అట్టిపెట్టబడి యుండునని కూడ చెప్పగలిగినవానిని, తరువాతి ప్రశ్నలలో పరీక్షకుడు కొంత మర్యాదతోనే అడుగును.

తొలగింపక తప్పనప్పుడు సైతము చూపు ముందు, చేత వెనుక. ముప్పది దినములు దాటిన ఫైళ్లను ఫైండ్‌తో ఏరునప్పుడు, మొదట ప్రింట్‌తో ముగించి జాబితా చదువుకొని, అది సమ్మతమైన పిమ్మటనే ప్రింట్ ఉన్న స్థానమున డిలీట్ పెట్టవలయును. ఫైండ్ తన షరతులను ఎడమనుండి కుడికి పరిశీలించును గనుక, డిలీట్‌ను షరతులకు ముందు వ్రాసినచో, దినముల లెక్క చూడకయే ఆ డైరెక్టరీలోని సమస్తమును తుడిచివేయును. స్క్రిప్టులలో మరియొక గండము కలదు. డైరెక్టరీ పేరును ఒక వేరియబుల్‌లో నుంచి, దాని వెనుక స్లాష్ చేర్చి, ఆర్ఎమ్ మైనస్ ఆర్ఎఫ్‌కు అప్పగించినప్పుడు, ఆ వేరియబుల్‌నకు విలువ నిచ్చుట మరచినచో మిగులునది స్లాష్ ఒక్కటియే. స్లాష్ వెనుక నక్షత్రపు గుర్తు కూడ నున్నచో రూట్ డైరెక్టరీలోని దంతయు దానికి బలి. స్క్రిప్టు తలమీద సెట్ మైనస్ యూ అని వ్రాసియుంచిన, విలువ లేని వేరియబుల్ ఎదురైనంతనే షెల్ పనిని ఆపివేయును.

యంత్రము మందగించినదన్న ఫిర్యాదు వచ్చినప్పుడు అప్‌టైమ్ చూపు మూడు అంకెలు, గడచిన 1, 5, 15 నిమిషముల లోడ్ యావరేజీలు. మొదటిది పెద్దదై మూడవది చిన్నదైన చిక్కు ఇప్పుడే పుట్టినది. క్రమము తలక్రిందులైన అది తగ్గుముఖము పట్టినది. ఎన్‌ప్రాక్ తెలుపు కోర్ల సంఖ్యతో పోల్చక ఆ అంకెలను చదువుట నిష్ప్రయోజనము. లినక్సులో డిస్కు కొరకు నిరీక్షించు ప్రాసెస్‌లును ఈ లెక్కలో చేరును గనుక, సీపీయూ ఖాళీగా నుండగనే లోడ్ మిన్నంటుట కలదు. అట్టియెడ సీపీయూను నిందించుట అన్యాయము. కిల్ మైనస్ 9 కొట్టు తొందరయు మానవలసినదే. 15వ సిగ్నల్ అందిన ప్రాసెస్‌నకు తన ఫైళ్లను సర్దుకొని నిష్క్రమించు నవకాశముండును. 9వ దానియందు ఆ యవకాశము లేదు, డేటాబేసు విషయమున ఈ భేదము చిన్నది కాదు.

దూరపు సర్వరులో ఎస్ఎస్‌హెచ్ కాన్ఫిగరేషన్ మార్చునప్పుడు, ఎస్ఎస్‌హెచ్‌డీ మైనస్ టీతో వ్యాకరణము సరిచూచుకొని, ఉన్న సెషన్‌ను మూయక, వేరొక టెర్మినల్‌నుండి లోనికి పోగలుగుచున్నామని రూఢిపరచుకొనిన పిమ్మటనే మొదటిదానిని విడువవలయును. సుడోయర్స్ ఫైలును వైసుడోతో తప్ప ముట్టరాదు. పర్మిషన్ చాలలేదన్న ప్రతి చిక్కునకు 777 మందు వేయువానిని నేనైతే ఉద్యోగములోనికి తీసికొనను. చేతితో నడిపిన స్క్రిప్టు క్రాన్‌లో నడువకున్న, మొదట పాత్ వేరియబుల్‌ను అనుమానింపుడు; క్రాన్‌నకు దొరకు పాత్ మిక్కిలి పొట్టిది.

రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష, నాలుగు జవాబులలో ఒకదానికి టిక్కు పెట్టు బాపతు కాదు. యంత్రము ముందు కూర్చుండి పని పూర్తిచేసి చూపవలయును. ఇంటర్నెట్ ఉండదు గాని, యంత్రములోని మ్యాన్ పేజీలు అందుబాటులో నుండును. కావున మ్యాన్ చదువు నలవాటు అలంకారప్రాయము కాదు. అందు 5వ విభాగమున ఫైళ్ల స్వరూపమును, 8వ విభాగమున నిర్వహణ కమాండులును ఉండునని ఎరిగినవాడు, మ్యాన్ 5 క్రాన్‌టాబ్ అని కొట్టి తనకు వలసిన పంక్తిని క్షణములో పట్టును. ఎరుగనివాడు ఒకటవ విభాగమును మరల మరల చదువుచు కాలము గడపును.

అభ్యాసమునకు ఖరీదైన సామగ్రి అక్కరలేదు. ఇంటిలోని పాత ల్యాప్‌టాప్‌లోనో, వర్చువల్‌బాక్స్‌లోనో డెబియన్‌ను స్థాపించి, డీడీతో ఒక జీబీ ఫైలును సృష్టించి, ఒక టెర్మినల్‌లో టెయిల్ మైనస్ ఎఫ్‌తో దానిని తెరచియుంచి, వేరొక టెర్మినల్‌నుండి తొలగించి, డీఎఫ్ చూడుడు. పిదప టెయిల్‌ను ఆపి మరల చూడుడు. ఇట్టి ప్రయోగములు కొన్ని చేసి, ఏమి కనబడినదో, ఏ కమాండుతో కనుగొంటిరో తేదీలతో వ్రాసియుంచుడు. రెజ్యూమెలో ‘లినక్సునందు నిష్ణాతుడను’ అను పంక్తిని కొట్టివేసి, ఆ స్థానమున ఈ ప్రయోగములలో రెండింటిని క్లుప్తముగా పేర్కొనుడు. పరీక్షకుడు సామాన్యముగా రెజ్యూమెలో కనబడిన దానినుండియే ప్రశ్నలను అల్లును గనుక, మీరు నడచి చూచిన దారిలోనే అతడును మిమ్ము నడిపించును.