ఆటకో జత దొరికితే

‘అంకుల్‌కి హాయ్ చెప్పు’, ‘నా కళ్లలోకి చూసి మాట్లాడు’. ఆటిజం ఉన్న చిన్నపిల్లలకు సోషల్ స్కిల్స్ పేరుతో మన ఇళ్లలో ఎక్కువగా చేయించే సాధన ఇదే. ఈ రెండూ పెద్దవాళ్ల ముచ్చట తీర్చేవే తప్ప స్నేహితుణ్ని తెచ్చిపెట్టేవి కావు. ఐదేళ్ల పిల్లలు ఎదురుపడితే హాయ్ చెప్పుకోరు, చేతిలో ఉన్నదేంటో చూపించమని మీద పడతారు. పైగా కొందరు ఆటిజం పిల్లలకు కళ్లలోకి చూడటం నిజంగానే కష్టం. ఓపికంతా దానికే సరిపోతే ఎదుటివాళ్ల మాట తలకెక్కదు.

2012లో అమెరికా పరిశోధకురాలు కోనీ కసారి బృందం మామూలు బడుల్లో చదివే 60 మంది ఆటిజం పిల్లలతో చేసిన అధ్యయనాన్ని ప్రచురించింది. కొందరికి పెద్దవాళ్లే నేరుగా మెళకువలు నేర్పారు. మరికొందరి విషయంలో తోటి పిల్లలకు నేర్పారు, ఒంటరిగా ఉన్నవాణ్ని ఆటలోకి ఎలా కలుపుకోవాలో. రెండో పద్ధతే మెరుగ్గా పనిచేసింది. అదే ఏడాది, తనకూ ఆటిజం ఉన్న డామియన్ మిల్టన్ అనే బ్రిటిష్ పండితుడు మరో మాట అన్నాడు: అర్థం కాకపోవడం ఇరువైపులా ఉంది, లోపమంతా ఒక్కరి మీదే వేయడం సరికాదని. మనమేమో బిడ్డను థెరపీకి తిప్పుతాం, పక్కింటి పిల్లాడికి మాత్రం ఒక్క ముక్కా చెప్పం.

చెప్పాల్సింది కొంచెమే. ‘వాడు జవాబివ్వడానికి టైం పడుతుంది, అడిగి కాసేపు ఆగు. చెవులు మూసుకుంటే గట్టిగా అరవకు. నువ్వన్న మాటే తిరిగి అన్నాడంటే వెక్కిరిస్తున్నాడని కాదు.’ ఆరేళ్ల పిల్లలు దీన్ని మన బంధువుల కన్నా త్వరగా అందుకుంటారు.

ఇక ఆడుకోవడానికి ఇంటికి పిలిచేది ఒక్కరినే. పుట్టినరోజుకు అపార్ట్‌మెంట్ పిల్లలందర్నీ పోగేసి స్పీకర్లు పెట్టి, అందులో కలిసిపోవాలంటే ఎలా? ఒక బాబుకు మెట్రో పిచ్చి అనుకుందాం. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా 27 స్టేషన్లూ వరసగా అప్పజెబుతాడు. దాన్ని మాన్పించాలని చూస్తారు గానీ, అక్కడే దారి ఉంది. రైలు బొమ్మలంటే ఇష్టపడే మరో పిల్లాణ్ని పిలిచి ఇద్దరి ముందూ పట్టాలు పెట్టండి. మొదట్లో పక్కపక్కనే కూర్చుని ఎవరి రైలు వాళ్లు నడుపుకుంటారు. అదీ ఆటే, మధ్యలో దూరి ‘మాట్లాడుకోండి’ అనకండి. తర్వాత ఒకరు స్టేషన్ పేరు చెబితే మరొకరు రైలు ఆపే పని పెట్టండి. పని పంచుకుంటే మాట దానంతటదే అవసరమవుతుంది.

వంతులు నేర్పడానికి వామనగుంటలు బాగా నప్పుతాయి. చూపు పీట మీదే ఉంటుంది, నియమం మారదు, తన వంతు ఎప్పుడో కళ్లకే తెలుస్తుంది. గింజలు నోట్లో పెట్టుకునే వయసైతే మాత్రం ఇప్పుడే వద్దు. దాగుడుమూతలు చాలామందికి గందరగోళం: మనిషి మాయమవుతాడు, ఎక్కడి నుంచి అరుపు వస్తుందో తెలియదు.

మొదటిసారి అరగంట చాలు. ఎవరొస్తారు, ఏం ఆడతారు, ఎప్పుడు వెళ్తారన్నది నాలుగు బొమ్మలు గీసి ముందే చూపించండి. ఇద్దరూ నవ్వుతున్నప్పుడే ముగించండి. ఏడుపు దాకా లాగితే ఇద్దరూ మళ్లీ ఆటకు రారు.

‘వద్దు’, ‘చాలు’ అనడమూ నేర్పాలి. మాట రాకపోతే చెయ్యి అడ్డంగా ఊపడమో, కార్డు చూపించడమో. అన్నిటికీ తలూపే బిడ్డను మంచివాడని మెచ్చుకుంటాం. బడిలో టిఫిన్ బాక్సు లాక్కున్నా, తోసినా అలాగే ఊరుకుంటాడు. వచ్చిన పిల్లాడితో ఆడటం ఆ రోజు ఇష్టం లేకపోతే బలవంతం చేయకుండా, ‘రేపు రా’ అని చెప్పి పంపడం నేర్పండి.