ఉచిత శిక్షణలో చేరేముందు

సర్కారు డబ్బుతో నడిచే ఉచిత శిక్షణకు ఫీజు ఉండదు, చాలాచోట్ల తిండీ బసా కూడా సెంటరువే. కానీ మూడు నెలలు హాస్టల్లో ఉంటే మూడు నెలల కూలి పోయినట్టే. అందుకే పేరు రాయించుకునే ముందు ఒక పూట వెచ్చించి ఆ సెంటరు చూసి రండి.

పల్లెల్లో ఎక్కువగా కనిపించేది దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన. 2014లో మొదలైంది. ఆంధ్రలో సీడాప్, తెలంగాణలో ఈజీఎంఎం అనే ప్రభుత్వ సంస్థలు దీన్ని చూస్తాయి. పేద కుటుంబాల్లో 15 నుంచి 35 ఏళ్ల వాళ్లకు. ఆడవాళ్లకు, దివ్యాంగులకు 45 వరకు. బ్యాచ్‌లో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపాలని నిబంధన. సెంటరుకు డబ్బు విడతలుగా వస్తుంది, ఆఖరి విడతలు ఉద్యోగాలు చూపించాకే. మంచి ఏర్పాటే. చిక్కల్లా ఏమిటంటే, లెక్క చూపే తొందరలో ఏదో ఒక ఊళ్లో ఏదో ఒక పనికి పంపేసే సెంటర్లూ ఉంటాయి. కాబట్టి పోయిన బ్యాచ్ వాళ్లు ఎక్కడ చేరారు, గది అద్దె, తిండి పోను చేతికెంత మిగులుతోంది, ఆరు నెలల తర్వాత ఎందరు ఉన్నారు అని అడగండి. మేనేజరును కాదు, మెస్సులో అన్నం తింటున్న పిల్లల్ని.

దివ్యాంగులైతే ముందు కాగితం. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్టో, యూడీఐడీ కార్డో లేకపోతే చేయించుకోండి. చాలా సౌకర్యాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. శిక్షణ నోటిఫికేషన్ వచ్చాక వైకల్య పరీక్ష స్లాటు కోసం పరిగెత్తితే బ్యాచ్ దాటిపోతుంది.

కాగితం కంటే పెద్ద అడ్డు ఇంకొకటుంది. చూపు లేదంటే కుర్చీలల్లడం, వినబడదంటే కుట్టుపని అని ఎదుటివాళ్లే తేల్చేస్తారు. ఆ మాట ఒప్పుకోనక్కర్లేదు. మామూలు శిక్షణల్లోనే దివ్యాంగులనూ చేర్చుకునేలా పథకాలుండాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. కోర్సును మీ వైకల్యాన్ని బట్టి కాదు, మీరు ఉండదలచిన చోట దొరికే పనిని బట్టి ఎంచుకోండి. ఏది చేయగలరో తేల్చుకోలేకపోతే హైదరాబాద్ విద్యానగర్‌లో దివ్యాంగుల నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్ ఉంది. మీ సామర్థ్యం పరీక్షించి దారి చెబుతారు. సెంటరు చూడ్డానికి వెళ్లినప్పుడు ర్యాంపు ఒక్కటే చూసి రాకండి. బాత్రూము తలుపులో వీల్‌చైర్ పడుతుందా, వినబడని వాళ్లకు సైగల్లో పాఠం చెప్పేవాళ్లున్నారా? బ్రోచర్లో ఇవి ఉండవు.

ఉద్యోగం వద్దు, ఊళ్లోనే ఏదైనా పెట్టుకుంటానంటే బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ సంస్థ, ఆర్‌సెటి, మేలు. దాదాపు ప్రతి జిల్లాలో ఉంది, శిక్షణ కొద్ది రోజుల్లోనే ముగుస్తుంది. ఆ తర్వాత రెండేళ్లు వెన్నంటి ఉండి బ్యాంకు రుణానికి సాయపడాలన్నది వాళ్ల పద్ధతి. అందుకే శిక్షణకన్నా ఆ రెండేళ్లనే ఎక్కువ వాడుకోండి. పని ముందే వచ్చిన మేస్త్రీలు, ఎలక్ట్రీషియన్లు మళ్లీ నెలల తరబడి కూర్చోవద్దు. వచ్చిన పనికే పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది.

చివర్లో ఉద్యోగం చూపినప్పుడు జీతం, పీఎఫ్, పనిగంటలు, ఉండే చోటు రాసిన ఆఫర్ లెటర్ అడగండి. దివ్యాంగులైతే మీకు కావలసిన ఏర్పాటు, స్క్రీన్ చదివే సాఫ్ట్‌వేరో, కూర్చుని చేసే పనో, అందులోనే రాయించుకోండి. నోటిమాట నమ్మి బస్సెక్కకండి.