తెల్లవారుజామున 3 గంటలకు పనికొచ్చే శ్రద్ధ

‘ఇష్టంగా చెయ్యి, కష్టం తెలియదు’ అని పిల్లలకు చెబుతుంటాం. మంచి మాటే. కానీ ఇష్టం రాత్రంతా మేలుకోదు. కళ్లు మూతపడే వేళ మనిషిని నిలబెట్టేది పద్ధతి. అదెలా అలవడుతుందో తెలియాలంటే ఆసుపత్రి స్లీప్ ల్యాబ్‌లో టెక్నాలజిస్ట్ పనిని గమనించండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బైపీసీ ముగించి, ఏ కోర్సులో చేరాలా అని ఆలోచిస్తున్నవారు మరీ గమనించండి.

ఏమిటీ పని?

ఎవరైనా గురక పెడుతుంటే ‘హాయిగా నిద్రపోతున్నాడు’ అనుకుంటాం. కానీ పెద్ద గురక, మధ్యలో నిశ్శబ్దం, ఆ వెంటనే ఉలిక్కిపడి ఊపిరందుకోవడం... ఇవి నిద్రలో శ్వాస ఆగుతోందనడానికి గుర్తులు కావచ్చు. దాన్ని తేల్చే పరీక్ష పాలిసోమ్నోగ్రఫీ. తలకు, కళ్ల పక్కన, గడ్డానికి, కాళ్లకు ఎలక్ట్రోడ్లు పెడతారు. ఛాతీకి, పొట్టకు పట్టీలు కడతారు. ముక్కు దగ్గర సన్నని గొట్టం, వేలికి ఆక్సిజన్ క్లిప్పు ఉంటాయి. శ్వాస కనీసం 10 సెకన్లు ఆగినా, బాగా తగ్గినా లెక్కిస్తారు. పెద్దవారిలో ఆ లెక్క గంటకు 5 లోపుంటే మామూలు, 30కి చేరితే తీవ్రం.

మన ప్రాంతానికి ఈ పని అవసరం ఎక్కువే. కిడ్నీ జబ్బు శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతాన్ని ఏళ్లుగా పీడిస్తోంది. డయాలసిస్ మీద ఉన్నవారిలో నిద్రలో శ్వాస ఆగడం, కాళ్లను కుదురుగా ఉండనివ్వని బాధ మిగతావారికన్నా ఎక్కువగా కనిపిస్తాయి. పదహారో నంబరు జాతీయ రహదారి మీద రాత్రుళ్లు లారీ నడిపే డ్రైవరుకు నిద్ర చాలకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ముందు భయం తీర్చండి

పలాస నుంచి విశాఖకు పరీక్షకొచ్చిన పెద్దాయన ‘ఏటి బావూ ఇన్ని వైర్లు? సాక్ కొడతాదేటి?’ అని అడిగాడనుకోండి. నవ్వేసి ఊరుకోకండి. ‘కొట్టదు తాతా. ఇవి ఒంట్లోంచి వచ్చే సంకేతాలను రాసుకుంటాయంతే. రాత్రి బాత్రూముకు వెళ్లాలంటే పిలవండి, పక్కగదిలోనే ఉంటాను’ అని చెప్పండి. ఆ నమ్మకం కుదిరాకే ఆయనకు నిద్ర పడుతుంది, మీకు పరీక్ష దక్కుతుంది. ఏ ఉద్యోగంలోనైనా ఎదుటి మనిషి భయం తీర్చడం పనిలో భాగమే.

మొదలుపెట్టేముందు సరిచూడండి

లైట్లు ఆర్పేముందు టెక్నాలజిస్ట్ కొన్ని చిన్న పనులు చేయిస్తాడు. కళ్లు మూయమంటాడు, తల కదపకుండా ఎడమకు, కుడికి చూడమంటాడు, ఊపిరి బిగబట్టమంటాడు, పాదం ఆడించమంటాడు. చెప్పిన ప్రతిదానికీ తెరమీద సంబంధించిన గీత మారాలి. మారలేదా, తీగ ఎక్కడ వదులైందో అప్పుడే వెతకాలి. రికార్డింగు పాడైతే పెద్దాయన మళ్లీ బస్సెక్కాలి, ఇంకోరోజు కూలి పోగొట్టుకోవాలి. మీ అయిదు నిమిషాల బద్ధకం ఖరీదు చాలాసార్లు ఇంకొకరు కడతారు.

కష్టమైన గంటకు ముందే సిద్ధపడండి

8 గంటల నిద్రను 30 సెకన్లకొక పేజీగా చూస్తారు. అంటే 960 పేజీలు. కలలు ఎక్కువగా వచ్చే ‘రెమ్’ నిద్ర రాత్రి చివరి భాగంలోనే ఎక్కువ. అప్పుడు కండరాలు సడలిపోతాయి, చాలామందిలో శ్వాస ఇబ్బంది ముదిరేదీ అప్పుడే. కాపలా ఉన్నవాడి ఒళ్లు బాగా మత్తెక్కేది కూడా ఆ జామునే. అందుకే శ్రద్ధను ఓపికకు వదిలేయకూడదు, గడియారానికి కట్టేయాలి. ఫలానా సమయానికి ఆక్సిజన్ అంకె చూడాలి, పడుకున్న తీరు చూడాలి, వెంటనే రాయాలి.

ఈ ‘రెమ్’ నిద్ర లోకానికి తెలిసిందీ ఇలాంటి కాపలా వల్లే. షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ అనే విద్యార్థి తన ఎనిమిదేళ్ల కొడుక్కే తీగలు తగిలించి రాత్రంతా కూర్చున్నాడు. నిద్రలో కళ్లు చకచకా కదిలినట్టు గీతలు రాగానే ముందు యంత్రాన్ని అనుమానించాడు. సరిచూసుకుని, మళ్లీమళ్లీ పరీక్షించి, 1953లో తన గురువు క్లైట్‌మన్‌తో కలిసి ప్రకటించాడు.

చూసింది రాయండి, హద్దు దాటకండి

‘2.47: వెల్లకిలా తిరిగారు. 3.10: ముక్కు గొట్టం జారింది, సరిచేశాను.’ ఇదీ మంచి రాత. ‘బాగానే పడుకున్నారు’ అన్నది అభిప్రాయం, దాంతో డాక్టరుకు పనిలేదు. తెల్లారాక ‘నాకేటయింది బావూ?’ అని అడిగితే, ‘రిపోర్టు చూసి డాక్టరుగారే చెబుతారు’ అనగలగాలి. గుండె లయ ప్రమాదకరంగా తప్పితే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు, ఆ క్షణమే డాక్టరును పిలవాలి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో తెలిసినవాడినే నలుగురూ నమ్ముతారు.

మీ నిద్ర మీదే

నైట్ డ్యూటీ చేసేవారు పగటి నిద్రను దొంగతనంలా దాచుకోనక్కర్లేదు. గది చీకటి చేసుకోండి. ‘మధ్యాహ్నం దాకా లేపొద్దు’ అని ఇంట్లో చెప్పండి. ఊళ్లోవాళ్లు బద్ధకస్తుడన్నా పట్టించుకోకండి.

ఇక ఈ పనిలో చేరాలనుకునేవారికి ఒక మాట. 2021లో వచ్చిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం స్లీప్ ల్యాబ్ టెక్నాలజిస్టులనూ గుర్తించింది. న్యూరో, రెస్పిరేటరీ టెక్నాలజీ చదివినవారు ఇటు రావచ్చు.

ఈ దారిలోకి రాకపోయినా ఒక పని చేయండి. మీ రోజులో శ్రద్ధ జారిపోయే గంట ఏదో గుర్తించండి. దుకాణం కట్టేసే వేళ లెక్కలు కావచ్చు, పరీక్షలో చివరి అరగంట కావచ్చు. ఆ గంటలో చేయాల్సిన మూడు పనులు వరుసగా కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. రేపు ఓపిక లేకపోయినా సరే, ఆ వరుస తప్పకండి.