సీమోను చూడని స్త్రీ: జోసెఫిన్ బట్లర్ జీవితం నుండి ఒక పాఠం

వాక్యభాగం: లూకా సువార్త 7:36–50. ముందు ఈ భాగం మీ బైబిలులో చదువుకొని, తర్వాత ఈ పాఠం చదవండి.

ప్రియమైన సహోదరీ సహోదరులారా, ఈ వారం వీడియోలో సమయం చాలక చెప్పలేకపోయిన కొన్ని సంగతులు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఈ పాఠం ఎందుకు వచ్చిందో ముందు చెప్తాను. కొద్ది రోజుల క్రితం ఒక చెల్లెలు ఫోన్ చేసింది. వాళ్ల సంఘంలో శుక్రవారం స్త్రీల ఉపవాస ప్రార్థనకు ఒక కొత్త ఆమె వచ్చిందట. ఆమె బ్రతుకుదెరువు కోసం ఏ పని చేస్తుందో ఊళ్లో అందరికీ తెలుసు. ఆమె వచ్చి చాప చివర కూర్చోగానే పక్కనున్నవాళ్లు ఒక్కొక్కరే జరిగిపోయారు. చివరికి ఆ చాప మీద ఆమె ఒక్కతే మిగిలింది. "అన్నా, ఎవరో ఏదో చేశారని చెప్పడానికి ఫోన్ చేయలేదు. లేచిన వాళ్లలో నేను కూడా ఉన్నాను. మూడు వారాలైంది, ఆమె మళ్లీ రాలేదు. నాకు నిద్ర పట్టడం లేదు. ఇప్పుడు నేనేం చేయాలి?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ రోజు ఆ గదిలో నేనుంటే ఏం చేసేవాడినో నాకే నమ్మకం లేదు. కాబట్టి ఈ పాఠం ఆ చెల్లెలికి మాత్రమే కాదు, నాకు కూడా.

1. వాక్యంలో ఏముంది?

పరిసయ్యుడైన సీమోను యేసు ప్రభువును భోజనానికి పిలిచాడు. ఆ ఊళ్లో పాపాత్మురాలని పేరుపడిన ఒక స్త్రీ లోపలికి వచ్చి, ప్రభువు పాదాల దగ్గర ఏడ్చి, కన్నీళ్లతో పాదాలు తడిపి, తలవెండ్రుకలతో తుడిచి, అత్తరు పూసింది. ఒక్క సంగతి గమనించండి. ఆమె చేసిన పాపం ఏమిటో లూకా ఎక్కడా రాయలేదు. వేశ్య అని మనమే అనుకుంటాం. ఒక స్త్రీని పాపాత్మురాలు అనగానే మన మనసు ఎటు పరుగెత్తుతుందో చూశారా?

సీమోను ఆమె వైపు చూశాడు, కానీ అతనికి కనబడింది ఆమె పేరుకు అంటిన మచ్చ మాత్రమే. అప్పుడు ప్రభువు ఆమె వైపు తిరిగి, మాట మాత్రం సీమోనుతో మాట్లాడాడు. ఈ స్త్రీని చూస్తున్నావా అని అడిగాడు (44వ వచనం). ఒకే గదిలో కూర్చున్న మనిషిని పట్టుకొని చూస్తున్నావా అని అడగడమేమిటి? చూడలేదు కాబట్టే అడిగాడు. పాదాలకు నీళ్లు, ముద్దు, తలకు నూనె, ఇవన్నీ ఇంటి యజమాని చేయాల్సిన మర్యాదలు. సీమోను చేయలేదు, ఆమె చేసింది. సీమోను ఇంట్లో ప్రభువుకు ఆతిథ్యం ఇచ్చింది ఆమే.

ఈ ప్రశ్నను తన జీవితమంతా మోసిన ఒక సహోదరి గురించి ఇప్పుడు చెప్తాను. మన తెలుగు సంఘాల్లో ఆమె పేరు ఎక్కువగా వినబడదు.

2. నేల మీద కూర్చున్న ప్రధానోపాధ్యాయుని భార్య

జోసెఫిన్ బట్లర్ 1828లో ఇంగ్లండులోని నార్తంబర్లాండ్ ప్రాంతంలో పుట్టింది. ఆమె తండ్రి జాన్ గ్రే బానిసత్వాన్ని వ్యతిరేకించిన మనిషి. 1852లో జార్జ్ బట్లర్ అనే పండితుణ్ణి పెళ్లి చేసుకుంది. ఆయన తర్వాత ఆంగ్లికన్ సంఘంలో సేవకుడుగా అభిషేకం పొందాడు.

1864లో వాళ్ల ఇంట్లో ఘోరం జరిగింది. ఒక సాయంత్రం తల్లిదండ్రులు ఇంటికి రాగానే, వాళ్లకు ఎదురు రావాలని పరుగెత్తిన ఐదేళ్ల పాప ఈవా మేడమీది కటకటాల మీదుగా కింద హాల్లో పడి చనిపోయింది. జోసెఫిన్‌కు ఒక్కతే కూతురు. ఆ తల్లి దుఃఖం ఎలాంటిదో మాటల్లో చెప్పలేం.

1866లో జార్జ్‌కు లివర్‌పూల్ కాలేజీలో ప్రధానోపాధ్యాయుడి పని వచ్చి, కుటుంబం లివర్‌పూల్‌కు మారింది. తన నొప్పి కంటే పెద్ద నొప్పిలో ఉన్నవాళ్లను వెదకాలి అని జోసెఫిన్ తీర్మానించుకుంది. చూడండి, బాధలో ఉన్నప్పుడు మనం తలుపులు మూసుకుంటాం. ఆమె బయటికి వెళ్లింది.

లివర్‌పూల్‌లో బ్రౌన్లో హిల్ అనే చోట నిరుపేదలను ఉంచే పెద్ద వర్క్‌హౌస్ ఉండేది. అక్కడ స్త్రీలు చేసే పని ఏమిటంటే, తారు పట్టిన పాత ఓడతాళ్లను వేళ్లతో విప్పి నార తీయడం. వేళ్లు పగిలిపోయేవి. తిండికీ తల దాచుకోవడానికీ ఆ పనికి వచ్చేవాళ్లలో వీధుల్లో ఒళ్లు అమ్ముకొని బ్రతికే ఆడపిల్లలు చాలామంది. జోసెఫిన్ అక్కడికి వెళ్లి ఉపదేశం మొదలుపెట్టలేదు. వాళ్లతో పాటు నేల మీద కూర్చొని, తానూ ఒక తాడు ముక్క తీసుకొని విప్పడం మొదలుపెట్టింది. ఆమెకు చేతకాలేదు. వాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అక్కడే స్నేహం కుదిరింది.

మాటల మధ్యలో ఒక వాక్యభాగం నేర్చుకుందామా అని అడిగింది. తర్వాత ఆమె వెళ్లినప్పుడు ఒక పొడవాటి పిల్ల ఆ తాళ్లకుప్పల మధ్య నిలబడి, యోహాను సువార్త 14వ అధ్యాయం తప్పు లేకుండా చెప్పింది. ఆ తర్వాత అందరూ మోకాళ్లూనారు. కలవరపడే హృదయాలకు ప్రభువు ఇచ్చిన ఆ అధ్యాయం ఆ నేలమాళిగలో ఎలా వినిపించి ఉంటుందో ఒక్క నిమిషం ఆలోచించండి.

3. ఇంటి తలుపు తెరిచారు

వర్క్‌హౌస్‌కు వెళ్లి రావడంతో ఆమె ఆగలేదు. జబ్బుతో ఉన్న, దిక్కులేని స్త్రీలను తన సొంత ఇంటికి తీసుకొచ్చింది. వాళ్లలో మేరియన్ అనే యువతి క్షయతో చావుకు దగ్గరలో ఉంది. జార్జ్ ఆమెను ఇంటికొచ్చిన గౌరవనీయురాలైన అతిథిలా చేయి అందించి లోపలికి తీసుకెళ్లాడు. కొన్ని నెలలు ఆ ఇంట్లోనే ఉండి, ప్రభువునందు నిరీక్షణతో కన్నుమూసింది. జోసెఫిన్ ఆమె శవపేటికను తెల్లని పూలతో నింపింది.

ఇల్లు నిండిపోయింది. మిగిలినవాళ్ల కోసం లివర్‌పూల్ వర్తకుల సహాయంతో ఒక విశ్రాంతి గృహం తెరిచారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కవర్లు తయారుచేసే పని నేర్పించే గృహం పెట్టారు. ప్రార్థన ఒక్కటే కాదు, మంచమూ పనీ కూడా ఇచ్చారు. ఎందుకంటే ఆకలి ఉన్నంతకాలం ఆ స్త్రీని వీధి మళ్లీ పిలుస్తూనే ఉంటుంది.

4. మగవాడు ఎక్కడ?

యోహాను 8వ అధ్యాయం మీకు తెలుసు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని ప్రభువు ముందు నిలబెట్టారు. ధర్మశాస్త్రం ప్రకారం ఇద్దరికీ శిక్ష ఉంది (లేవీయకాండము 20:10). మరి రెండోవాడు ఏడి? వాణ్ణి ఎవరూ తీసుకురాలేదు.

జోసెఫిన్ కాలంలో ఇంగ్లండు చట్టమే అలా ఉంది. 1864, 1866, 1869 సంవత్సరాల్లో సుఖవ్యాధుల చట్టాలు తెచ్చారు. సైనికులకు రోగాలు రాకుండా చూడటం వాటి ఉద్దేశం. దండు ఊళ్లలో, రేవు పట్టణాల్లో ఏ స్త్రీ మీదైనా పోలీసుకు అనుమానం వస్తే చాలు, ఆమెను వైద్య పరీక్షకు బలవంతంగా తీసుకెళ్లేవారు. రోగం ఉంటే నెలల తరబడి ఆసుపత్రిలో బంధించేవారు. ఆమె దగ్గరకు వెళ్లిన మగవాడికి ఏ పరీక్షా లేదు, ఏ బంధనమూ లేదు.

1869 చివరలో ఈ చట్టాల మీద పోరాడటానికి స్త్రీల జాతీయ సంఘం ఏర్పడింది. దానికి జోసెఫిన్ నాయకురాలైంది. 1870 జనవరి 1న పత్రికలో వచ్చిన వాళ్ల నిరసన పత్రంలో ఫ్లోరెన్స్ నైటింగేల్ సంతకం కూడా ఉంది. మర్యాదస్తురాలైన స్త్రీ ఇలాంటి విషయాలు వేదిక ఎక్కి మాట్లాడటమా అని దేశం మండిపడింది. 1872లో పాంటిఫ్రాక్ట్ అనే ఊళ్లో ఆమె స్త్రీలతో కూటం పెట్టుకుంటే, కింద ఉన్న గడ్డికి నిప్పు పెట్టారు. అంతకు ముందు ఏడాది నాటింగ్‌హామ్‌లో సంఘ పెద్దల మహాసభలో జార్జ్ ఈ విషయం ఎత్తబోతే కేకలు వేసి ఆపేశారు. కేకలు వేసింది లోకస్థులు కాదు, సంఘమే. ఈ మాట రాయడానికి నాకే బాధగా ఉంది.

పదహారేళ్లు పట్టింది. 1886లో ఆ చట్టాలు రద్దయ్యాయి.

ఇది మనకు దూరపు కథ కాదు. అదే రకం చట్టాన్ని బ్రిటిష్‌వాళ్లు 1868లో భారతదేశంలోనూ పెట్టారు. కంటోన్మెంట్లలో తెల్ల సైనికుల కోసం మన దేశపు స్త్రీలను పేర్లు రాయించి, పరీక్షలు చేయించి ఉంచేవారు. ఇక్కడి చట్టం 1888లో రద్దయినా పద్ధతి ఆగలేదు. ఎలిజబెత్ ఆండ్రూ, డాక్టర్ కేట్ బుష్‌నెల్ అనే ఇద్దరు అమెరికా క్రైస్తవ స్త్రీలు ఈ దేశానికి వచ్చి, ఉత్తర భారతదేశ కంటోన్మెంట్లు తిరిగి, ఆ స్త్రీలతోనే మాట్లాడి సాక్ష్యం సేకరించారు. జోసెఫిన్ తాను ఎన్నడూ చూడని ఈ దేశపు స్త్రీల కోసం కూడా పోరాడింది. 1906లో ప్రభువు దగ్గరకు వెళ్లింది.

5. మనం నేర్చుకోవలసినవి

మొదటిది: వరుస మార్చకండి. యోహాను 8:11లో ప్రభువు ముందు శిక్ష విధించనని చెప్పి, తర్వాత ఇక పాపం చేయవద్దని చెప్పాడు. మనం తిరగేస్తాం. "ముందు మారు, తర్వాత రా" అంటాం. పాపం పాపమే, దాన్ని చిన్నది చేయడం లేదు. కానీ తన పక్కన కూర్చోనివాళ్ల మాట ఏ మనిషి వింటుంది?

రెండవది: కారణం తెలుసుకోండి. పని ఇప్పిస్తామని మోసపోయినవాళ్లు, అప్పులో చిక్కుకున్నవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు ఉన్నారు. మన తెలుగు నేల మీదే జోగిని పేరుతో చిన్నపిల్లలను బలిచేశారు. దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం తేవలసి వచ్చింది. ఆమె కథ ఆమె చెప్పేదాకా మీరే ఊహించి రాయకండి.

మూడవది: బలవంతం వద్దు. మనుషులను బలప్రయోగంతో నీతిమంతులను చేయాలనుకునే వాళ్లను జోసెఫిన్ కడవరకూ వ్యతిరేకించింది. ప్రేమ తలుపు తెరిచి ఉంచుతుంది, తాళం వేయదు.

నాలుగవది: కెమెరా వద్దు. ఇది మా ఛానల్‌కే ముందు చెప్పుకుంటున్నాను. ఇలాంటి సాక్ష్యం పెడితే వ్యూస్ వస్తాయని నాకు తెలుసు. కానీ ఆమె ముఖం ఒకసారి ఫోన్లలోకి వెళ్తే ఆమె పిల్లలు బడికి ఎలా వెళ్తారు? ఈ పనిలో ఉన్న స్త్రీలను గౌరవంగా చూడాలని, సోదాల వార్తల్లో వాళ్ల గుర్తింపు బయటపడకూడదని 2022 మే 19న సుప్రీంకోర్టే ఆదేశాలిచ్చింది. కోర్టుకున్న జాగ్రత్త సంఘానికి లేకపోతే ఎలా?

ఐదవది: ఒంటరిగా చేయకండి. ఇలాంటి ఇళ్లకు సహోదరులు వెళ్లకూడదు. ఇద్దరు ముగ్గురు సహోదరీలు, కాపరికి తెలియజేసి వెళ్లాలి. ఎవరినైనా బంధించి ఉంచారని తెలిస్తే మీరే సాహసం చేయకండి. స్త్రీల కోసం 181కి, పిల్లల కోసం 1098కి ఫోన్ చేయండి.

6. ఆలోచించుకోవడానికి

- రాహాబు పేరు యేసు ప్రభువు వంశావళిలో ఉంది (మత్తయి 1:5). ఆమె మన సంఘానికి వస్తే ఎక్కడ కూర్చోబెడతాం?
- నా ఇంట్లో భోజనానికి నేను ఎన్నడూ పిలవలేని మనిషి ఎవరు? ఎందుకు?
- ఒక తప్పులో ఇద్దరుంటే, నేను ఎవరి గురించి ఎక్కువ మాట్లాడతాను?

చివరిగా ఆ చెల్లెలి సంగతి. రెండు రోజుల తర్వాత నేనే ఫోన్ చేసి, "చెల్లెమ్మా, ఆమె ఇల్లు తెలుసా?" అని అడిగాను. తెలుసంది. "వెళ్లు. బైబిలు తెరవకముందు క్షమాపణ అడుగు. ఆమె టీ ఇస్తే తాగు. మళ్లీ వస్తే, ఆమె కూర్చున్న చాప మీదే కూర్చో" అన్నాను. తను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, ఆమె తలుపు తీయకపోతే?" అంది. "మళ్లీ వెళ్లు" అన్నాను. అంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు. ఆమె కోసం, ఈ చెల్లెలి కోసం మీరందరూ ప్రార్థన చేయండి.

ప్రార్థన

ప్రేమగల తండ్రీ, నీ కుమారుడు చూసినట్టు చూసే కన్నులు మాకు దయచేయుము. సీమోనులా నీకు భోజనం పెట్టి, నీవు ప్రేమించినవారిని దూరం పెట్టిన మా పాపాన్ని క్షమించుము. మా వల్ల నీ మందిరం గుమ్మం దగ్గరే వెనుదిరిగిన ప్రతి సహోదరిని నీవే వెదకుము. లేచిపోయిన మమ్మల్ని తిరిగి ఆమె పక్కన కూర్చోబెట్టుము. యేసుక్రీస్తు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.