వేసవిలో పసిపాప

వేసవి సెలవులు వచ్చాయంటే మన ఊళ్ళలో చాలా ఇళ్ళకు ఒక కొత్త అతిథి వస్తుంది. అత్తవారింటి నుంచి అక్కయ్య వస్తుంది. ఆమె ఒడిలో మూడు నెలల పాప. వెనుక సంచులు మోసుకుంటూ బావగారు. ఇక ఆ రోజు నుంచి ఇంట్లో సలహాలకు కొదువ ఉండదు. "పాపకు గాలి తగలకూడదు, చెవులకు గుడ్డ కట్టండి" అంటుంది నాయనమ్మ. "ఈ ఎండలకు గొంతు ఎండిపోతుంది, రెండు చెంచాలు మంచినీళ్ళు పట్టండి" అంటారు పక్కింటి పిన్నిగారు. "ఫ్యాను ఇంకా గట్టిగా పెట్టండి" అంటారు బావగారు. ఎవరి మాట వినాలో అక్కయ్యకు తోచదు.

ఇది పెద్దల విషయమని మీరు తప్పుకోనక్కరలేదు. వైశాల్యం, ఘనపరిమాణం, బాష్పీభవనం - మీరు తరగతిలో చదువుకున్న ఈ మూడు మాటలు చాలు, సమాధానం మీరే చెప్పగలరు. ఆ సమాధానం తెలియడం మీద ఒక్కొక్కసారి ఒక పసిప్రాణం ఆధారపడి ఉంటుంది. అదెలాగో చూద్దాం.

చిన్న శరీరానికి చర్మం ఎక్కువ

1 సెంటీమీటరు భుజం గల ఘనాన్ని ఊహించుకోండి. దాని ఉపరితల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు, ఘనపరిమాణం 1 ఘన సెంటీమీటరు. ఇప్పుడు భుజాన్ని 2 సెంటీమీటర్లు చేయండి. ఉపరితలం 24, ఘనపరిమాణం 8. మొదటి దానిలో ఒక్కొక్క ఘన సెంటీమీటరుకు 6 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం ఉండగా, రెండవ దానిలో 3 మాత్రమే ఉన్నది. అంటే వస్తువు చిన్నదయ్యేకొద్దీ, దాని పరిమాణంతో పోల్చినప్పుడు ఉపరితలం ఎక్కువవుతుంది.

మనిషి ఘనాకారంలో ఉండకపోయినా సూత్రం మారదు. 60 కిలోల బరువున్న పెద్దమనిషి చర్మాన్ని పరచి కొలిస్తే సుమారు 17,000 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. 5 కిలోల పాప చర్మం సుమారు 2,800. కిలో బరువుకు ఎంత చర్మమో భాగించి చూడండి. పెద్దమనిషికి 280 పైచిలుకు, పాపకు 560! దాదాపు రెట్టింపు.

వేడి శరీరంలోకి వచ్చేదీ, బయటికి పోయేదీ ముఖ్యంగా చర్మం గుండానే. కాబట్టి చలిలో పాప మనకంటే త్వరగా చల్లబడుతుంది, ఎండలో మనకంటే త్వరగా వేడెక్కుతుంది. ఆసుపత్రిలో బిడ్డ పుట్టగానే తుడిచి మెత్తని గుడ్డలో చుట్టడానికి కారణం ఇదే. డిసెంబరులో ఎంతో మేలు చేసే ఆ అలవాటే మే నెలలో కీడు చేస్తుంది.

చేసి చూడండి

ఒక పెద్ద స్టీలు చెంబు, ఒక చిన్న స్టీలు గ్లాసు తీసుకోండి. పెద్దల సహాయంతో రెండింటి నిండా ఒకే గిన్నెలోని వేడినీళ్ళు పోయండి. ఒక్కొక్కదానిలో ఒక ఉష్ణమాపకం ఉంచి, 5 నిమిషాలకొకసారి ఉష్ణోగ్రత రాసుకోండి. గ్లాసులోని నీరు ముందుగా చల్లబడుతుంది. మర్నాడు వేడినీటికి బదులు కుండలోని చల్లని నీరు పోసి, మధ్యాహ్నం వసారాలో ఉంచండి. ఈసారి గ్లాసులోని నీరే ముందుగా వేడెక్కుతుంది. చెంబు మనం, గ్లాసు పాప అనుకోండి.

వేడి బయటికి పోయే దారులు

శరీరంలో ఎప్పుడూ వేడి పుడుతూనే ఉంటుంది. అది బయటికి పోవడానికి నాలుగు దారులున్నాయి: వహనం, సంవహనం, వికిరణం, బాష్పీభవనం. మొదటి మూడు దారుల్లోనూ వేడి ఎక్కువ ఉష్ణోగ్రత ఉన్న చోటునుంచి తక్కువ ఉన్న చోటుకే ప్రవహిస్తుంది. మన చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీల సెంటీగ్రేడు. రోహిణి కార్తెలో రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం వంటి చోట్ల గాలి 45 డిగ్రీల దాకా వేడెక్కినప్పుడు ఏమవుతుంది? ఆ మూడు దారులూ తిరగబడతాయి. వేడి బయటినుంచి శరీరంలోకి వస్తుంది. ఇక మిగిలింది నాలుగవ దారి ఒక్కటే - బాష్పీభవనం.

1 గ్రాము చెమట చర్మం మీద ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీల గుప్తోష్ణం కావాలి. దానిని అది శరీరం నుంచే తీసుకుంటుంది. ఇక్కడే పాపకు చిక్కు వస్తుంది. స్వేద గ్రంథులు పుట్టుకతోనే ఉంటాయి గాని, అవి పెద్దవారి గ్రంథులంత చురుకుగా పనిచేయవు. మనకు వేడిగా ఉంటే చెట్టు నీడకు పోతాం, చొక్కా విప్పుతాం, మంచినీళ్ళు అడుగుతాం. పాప ఏడవడం తప్ప ఏమీ చేయలేదు. వేడి మరీ ఎక్కువైతే ఆ ఏడుపు కూడా ఆగిపోతుంది. "పాప హాయిగా నిద్రపోతోంది" అని ఇంట్లోవాళ్ళు పొరబడే ప్రమాదం ఉంది.

నాయనమ్మ గుడ్డ, బావగారి ఫ్యాను

ఇప్పుడు సలహాలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం. పెద్దవారి ఒంటిమీది చర్మంలో తలకు చెందినది నూటికి 9 వంతులు. పసిపాపలో అది 18 వంతులు. అంటే పాపకు వేడిని బయటికి పంపే పెద్ద కిటికీ తలే. ఎండాకాలంలో ఇంట్లో ఉన్న పాపకు టోపీ పెట్టి, చెవులకు గుడ్డ కడితే ఆ కిటికీ మూసినట్లే. పలుచని నూలు చొక్కా ఒక్కటి చాలు. ఉయ్యాల మీద ఈగలు వాలకుండా కప్పే గుడ్డ దోమతెరలాగా గాలి ఆడేదై ఉండాలి గాని, దుప్పటిలాగా గాలిని బంధించేది కారాదు.

మరి ఫ్యాను? గాలి చర్మం కంటే చల్లగా ఉన్నంతసేపూ ఫ్యాను మంచిదే. 42 డిగ్రీల గాలిని పొడి చర్మం మీదికి తోలితే ఫ్యాను చేసే పని కొలిమి దగ్గర తిత్తి చేసే పని వంటిది. అటువంటప్పుడు మామూలు నీటిలో ముంచి పిండిన గుడ్డతో పాప ఒళ్ళు తుడిచి, అప్పుడు మెల్లగా గాలి తగలనివ్వాలి. ఇందులో ఎంత శక్తి ఉన్నదో లెక్క కట్టండి. 5 కిలోల శరీరాన్ని 1 డిగ్రీ చల్లబరచడానికి సుమారు 4,150 కేలరీలు తీసివేయాలి. దీనిని 580తో భాగిస్తే వచ్చేది 7 గ్రాములు. చిన్న చెంచాతో ఒకటిన్నర చెంచాల నీరు శరీరపు వేడితోనే ఆవిరయితే చాలు, పాప ఒక డిగ్రీ చల్లబడుతుంది! మంచునీళ్ళు మాత్రం వాడరాదు. వాటికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుపోయి, లోపలి వేడి లోపలే ఉండిపోతుంది.

కిటికీలకు కట్టి తడిపే వట్టివేళ్ళ తడికలు చేసే పని కూడా ఇదే. అయితే గాలి పొడిగా ఉండే తెలంగాణ, రాయలసీమల్లో అవి చక్కగా పనిచేస్తాయి. మచిలీపట్నం, విశాఖపట్నం వంటి తీరపు ఊళ్ళలో గాలిలో అప్పటికే తేమ ఎక్కువ కాబట్టి నీరు త్వరగా ఆవిరి కాదు. ఉక్కపోత పోసే రోజున 36 డిగ్రీలు కూడా పాపకు భారమే. అక్కడ గది తలుపులు తెరచి గాలి ఆడనివ్వడమే మార్గం.

పిన్నిగారి మంచినీళ్ళు

పాపకు నీరు కావాలన్న మాట నిజమే. 3 నెలల పాపకు రోజుకు కిలో బరువుకు సుమారు 150 మిల్లీలీటర్ల ద్రవం కావాలి. 5 కిలోల పాపకు 750 మిల్లీలీటర్లు, అంటే తన బరువులో దాదాపు ఏడవ వంతు. ఈ లెక్కన 60 కిలోల మనిషి రోజుకు 9 లీటర్లు తాగాలి! పాప శరీరంలోని నీరు ఎంత వేగంగా ఖర్చవుతున్నదో దీనిని బట్టి తెలుస్తుంది. బరువులో పదవ వంతు నీరు పోతే ప్రాణాపాయం. ఆ పాపకు పదవ వంతు అంటే కేవలం అర లీటరు.

అయితే ఆ నీరు ఎక్కడినుంచి రావాలి? తల్లిపాలలో నూటికి 87 వంతులకు పైగా నీరే. పాప ఎన్నిసార్లు పాలు తాగితే అన్నిసార్లు నీరు తాగినట్లే. ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని 2001 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఎండాకాలంలో కూడా విడిగా నీరు అక్కరలేదు. అక్కరలేకపోవడమే కాదు, హాని కూడా. నీటితో చిన్న పొట్ట నిండితే పాప పాలు తక్కువ తాగుతుంది. పాప మూత్రపిండాలు ఎక్కువైన నీటిని వెంటనే బయటికి పంపలేవు కనుక రక్తంలోని ఉప్పు పలుచనవుతుంది. నీటిలో క్రిములుంటే విరేచనాలు పట్టుకుని, ఉన్న నీరు కూడా పోతుంది. కాబట్టి వేసవిలో పాపకు ఇవ్వవలసింది నీళ్ళు కాదు, మరింత తరచుగా పాలు.

మరి నీళ్ళు ఎవరికి ఇవ్వాలి? అక్కయ్యకు! రోజుకు 750 మిల్లీలీటర్ల పాలు ఆమె శరీరంలోని నీటి నుంచే తయారవుతాయి. బాలింత నీళ్ళు ఎక్కువ తాగరాదనే పథ్యం కొన్ని ఇళ్ళలో ఇంకా ఉన్నది. మే నెలలో అది తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ప్రమాదమే. ఆమె పాలిచ్చే ప్రతిసారీ పక్కన ఒక చెంబు మంచినీళ్ళో మజ్జిగో ఉంచే పని మీరు పెట్టుకోండి.

ఆరు నెలలు దాటిన బిడ్డకు అన్నంతోపాటు కాచి చల్లార్చిన నీరు పట్టవచ్చు. ఏ వయసు బిడ్డకైనా విరేచనాలు పట్టుకుంటే పాలు ఆపకుండా, ఆరోగ్య కార్యకర్త చెప్పిన మోతాదులో ఓ.ఆర్.ఎస్. ద్రావణం చెంచాతో పట్టాలి. పేగులలో చక్కెర, ఉప్పు కలిసి లోనికి వెళుతూ తమతో నీటిని కూడా తీసుకుపోతాయన్నది దీనిలోని కిటుకు. 1971లో బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగినప్పుడు, సూదిమందు ద్రవాలు చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్నే నోటి ద్వారా ఇప్పించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4 కంటే తక్కువకు దిగాయి.

అహమ్మదాబాదు చెప్పిన పాఠం

పాప ఎక్కడ పడుకున్నదన్నది కూడా ముఖ్యమే. 2010 మే 21న అహమ్మదాబాదులో 46.8 డిగ్రీల ఎండ కాసింది. ఆ వేసవిలో అక్కడి ఒక ఆసుపత్రికి వేడి వల్ల జబ్బుపడిన పసికందులు ఎక్కువగా వచ్చారు. డాక్టర్లు తరువాత లెక్కలు తీసి చూశారు. ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటాక, పెరిగిన ఒక్కొక్క డిగ్రీకి అటువంటి పసికందుల సంఖ్య నూటికి 43 చొప్పున పెరిగింది. ఆ ఆసుపత్రిలో ప్రసూతి వార్డు ఎండకు కాగే పైకప్పు కింద, పై అంతస్తులో ఉండేది. దానిని కింది అంతస్తుకు మార్చాక ఆ కేసులు నూటికి 64 వంతులు తగ్గాయి. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. మంచం మార్చారు, అంతే!

ఈ పని మీరూ చేయవచ్చు. మధ్యాహ్నం 2 గంటలకు మీ ఇంట్లో నాలుగు చోట్ల ఉష్ణోగ్రత కొలవండి: మేడగది, రేకుల వసారా, నడిమిల్లు, పడమటి గోడ పక్కన. అన్నిటికంటే చల్లగా, గాలి ఆడేదిగా ఉన్న చోటే పాప ఉయ్యాలకు తగినది.

ఆగిఉన్న కారులో మాత్రం పాపను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలరాదు. అద్దాల గుండా ఎండ లోపలికి వస్తుంది, వేడెక్కిన గాలి బయటికి పోలేదు. 2005లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో ఎండలో ఉన్న కారు లోపలి ఉష్ణోగ్రత గంటలో సుమారు 22 డిగ్రీలు పెరిగింది. అందులో నూటికి 80 వంతులు మొదటి అరగంటలోనే! అద్దం కొద్దిగా దించినా పెద్దగా లాభం లేకపోయింది.

ఈ గుర్తులు మరువవద్దు

మూత్రం బాగా తగ్గడం, ముదురు పసుపు రంగులో రావడం, నోరు ఎండిపోవడం, నడినెత్తి మీది మెత్తని మాడు లోపలికి గుంటపడటం, పాలు తాగకపోవడం, లేపినా లేవకుండా మగతగా ఉండటం, ఒళ్ళు కాలిపోవడం. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. బయలుదేరే లోపల బట్టలు వదులుచేసి, తడిగుడ్డతో తుడిచి, మెలకువగా ఉంటే దారి పొడవునా తల్లిపాలు ఇస్తూ ఉండాలి. తోచిన మందులు వేయరాదు.

పసిపాప అంటే చిన్న సైజు పెద్దమనిషి కాదు. మనకు చెమటతో సరిపోయే ఎండ పాపకు ప్రాణాపాయం కావచ్చు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉయ్యాల ఊగుతూ ఉంటే ఈ విషయం అక్కడి పెద్దలకు వినయంగా చెప్పండి.

ఆలోచించండి

1. 3 సెంటీమీటర్ల భుజం గల ఘనంలో ఒక ఘన సెంటీమీటరుకు ఎంత ఉపరితలం ఉంటుంది?
2. కుండలో నీరు కర్నూలులో చల్లబడినంతగా కాకినాడలో ఎందుకు చల్లబడదు?
3. 10 కిలోల బిడ్డను 1 డిగ్రీ చల్లబరచడానికి ఎన్ని గ్రాముల నీరు ఆవిరి కావాలి?