ఐర్లండ్ ఆసుపత్రిలో ఆఖరి మాట ఎవరిది?

తండ్రి స్పృహ లేకుండా ఆసుపత్రిలో ఉంటే వైద్యం గురించి తేల్చి చెప్పాల్సింది భార్యో, పెద్దకొడుకో అని మన ఇళ్లలో గట్టి నమ్మకం. ఐర్లండ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలూ అదే ధైర్యంతో ఉంటాయి. కానీ అక్కడి చట్టం ‘నెక్స్ట్ ఆఫ్ కిన్’కు, అంటే దగ్గరి బంధువుకు, అలాంటి అధికారమేదీ ఇవ్వలేదు. ఆసుపత్రి ఫారంలో ఆ హోదాలో మీ పేరు ఉంటే కబురు అందుతుంది, అంతే. రోగి తరఫున చికిత్సకు ఒప్పుకునే హక్కు గానీ వద్దనే హక్కు గానీ దానివల్ల రాదు. డాక్టర్లు మిమ్మల్ని అడుగుతారు, అడగాలి కూడా. కానీ ఆ ప్రశ్న మీ ఇష్టం గురించి కాదు, మాట్లాడగలిగితే ఆయన ఏం కోరేవారన్నది. ఆ జవాబును ఆయనే ముందుగా రాసిపెట్టడం రోగికీ, ఇంటివాళ్లకూ చేసే పెద్ద మేలని నా నిశ్చితాభిప్రాయం.

అందుకు దారి ఉంది. 2015 నాటి ‘అసిస్టెడ్ డెసిషన్ మేకింగ్ కెపాసిటీ’ చట్టం 2023 ఏప్రిల్ 26న అమల్లోకి వచ్చింది. 18 ఏళ్లు నిండి, సొంతంగా నిర్ణయించుకోగల ఎవరైనా ‘అడ్వాన్స్ హెల్త్‌కేర్ డైరెక్టివ్’, అంటే చికిత్సపై ముందస్తు నిర్దేశం, రాసుకోవచ్చు. లాయరు అక్కర్లేదు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేయాలి. వారిలో ఒకరైనా బంధువు కానివారై ఉండాలి. ఫలానా చికిత్స వద్దని రాస్తే డాక్టర్లు కట్టుబడాలి. కావాలని రాస్తే ఆలోచిస్తారు గానీ ఇచ్చి తీరాలని లేదు. వెంటిలేటర్ వంటివి వద్దనుకునేవారు, ప్రాణం మీదికొచ్చినా ఈ మాట వర్తిస్తుందని విడిగా రాయాలి. చాలామంది వదిలేసేది ఈ వాక్యాన్నే, అది లేకపోతే ఆ నిరాకరణ చెల్లదు. తన మాట అమలయ్యేలా చూసే ప్రతినిధిగా కొడుకునో కూతురినో ఇందులోనే నియమించుకోవచ్చు. ఇంటివాళ్లకు నిజమైన అధికారం వచ్చేది అలా.

ఇలా ముందే రాసిపెట్టడం కారుణ్య మరణానికి దొడ్డిదారి అన్న భయం ఒకటుంది. రెండు తీర్పులు చూస్తే అది తీరుతుంది. 1972లో చిన్న శస్త్రచికిత్స సమయంలో మెదడు దెబ్బతిని, ఇరవయ్యేళ్లకు పైగా గొట్టంతో ఆహారం అందుతూ బతికిన ఒక మహిళ కేసులో, ఆ గొట్టం తీయడానికి 1995లో ఐర్లండ్ సుప్రీంకోర్టు అనుమతించింది. మరణానికి అసలు కారణం నాటి గాయమేనంది. అదే కోర్టు 2013లో మేరీ ఫ్లెమింగ్ కేసులో, ఇతరుల సాయంతో ప్రాణం తీసుకునే హక్కు రాజ్యాంగంలో లేదని తేల్చింది. చికిత్స ఆపడానికీ, ప్రాణం తీసుకోవడానికి సాయపడటానికీ మధ్య గీత స్పష్టంగానే ఉంది. చికిత్స వద్దంటే గాలికొదిలేస్తారన్న అనుమానానికీ చట్టంలోనే జవాబుంది: వెచ్చదనం, శుభ్రత, నోటితో తీసుకునే ఆహారం, నీళ్లు, ఇవి ఆపమని రాసినా చెల్లదు. ఇక చావు గురించి రాయడం అశుభమనేవారితో ఒక్క మాట. ఆ 1995 కేసులో కుటుంబం తమ బిడ్డ విషయం సుప్రీంకోర్టు దాకా తేల్చుకోవాల్సి వచ్చింది. అంతకన్నా అశుభం ఏముంటుంది? మనసు మారితే తెలివి ఉన్నంతకాలం రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. ప్రతులు మాత్రం కుటుంబ వైద్యుడికి, ఆసుపత్రికి, ప్రతినిధికి అందాలి. తెలుగు తప్ప రాని పెద్దలుంటే అనువాదకుణ్ని ఏర్పాటు చేయమని ఆసుపత్రిని అడగండి. ఇలాంటి సంభాషణను కొడుకు నోట వినిపించడం ఇద్దరికీ అన్యాయమే.