విమానం ఇంధనం లెక్క తెలిస్తే... కొలువుకు దారి

పైలట్‌ కావాలనుకునే ఇంటర్‌ ఎంపీసీ విద్యార్థుల ఊహంతా కాక్‌పిట్‌ చుట్టూనే తిరుగుతుంది. అసలు పని విమానం ఎక్కకముందే మొదలవుతుంది. ఫ్లైట్‌ ప్లాన్‌ చూసి, ఈ ప్రయాణానికి ఎంత ఇంధనం కావాలో తేల్చి కెప్టెన్‌ సంతకం పెట్టాలి. ఈ పని మీకు ఆసక్తిగా అనిపిస్తుందో లేదో ఇక్కడే చూసుకోండి.

బండికైతే ఫుల్‌ ట్యాంక్‌ కొట్టించి నిశ్చింతగా బయల్దేరతాం. విమానానికి అలా కుదరదు. అదనంగా మోసే ప్రతి టన్నులో గంటకు సుమారు 30 నుంచి 40 కిలోలు ఆ బరువును మోయడానికే కాలిపోతాయి. పైగా దిగేటప్పుడు బరువు పరిమితి దాటకూడదు.

హైదరాబాద్‌ నుంచి ఢిల్లీకి ఎయిర్‌బస్‌ ఏ320 వెళ్తోందనుకుందాం. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే. రన్‌వే దాకా నడవడానికి 200 కిలోలు, ప్రయాణానికి 5,000. ఎదురుగాలికో, దారి మార్పుకో అక్కరకొచ్చేలా ప్రయాణ ఇంధనంలో 5 శాతం, అంటే 250. ఢిల్లీలో దిగలేకపోతే జైపూర్‌ చేరడానికి 1,500. వీటిపైన మరో అరగంట గాల్లో ఉండగలిగేంత, అంటే 1,100. అంతా కలిపితే 8,050 కిలోలు. చివరి అరగంటది ఫైనల్‌ రిజర్వ్‌. దిగేసరికి ఇంధనం అంతకన్నా తగ్గుతుందని తేలితే పైలట్‌ ‘మేడే ఫ్యూయెల్‌’ అని ప్రకటించాల్సిందే.

ఇంతవరకూ కంప్యూటరే చేసిపెడుతుంది. జీతం ఇచ్చేది ఆ తర్వాతి నిర్ణయానికి. జనవరి తెల్లవారుజామున ఢిల్లీలో పొగమంచు ఉందనుకోండి, అరగంట చక్కర్లు కొట్టాల్సి రావచ్చని కెప్టెన్‌ మరో 1,200 అడుగుతారు. జైపూర్‌లోనూ పొగమంచు ఉంటుందని వాతావరణ సూచన చెబితే? ఇంకా దూరపు విమానాశ్రయాన్ని ఎంచుకోవాలి, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఎక్కువ నింపితే కంపెనీకి ఖర్చు, తక్కువైతే దారి మళ్లింపు. కనీసానికి మించి ఎంత అన్నది కెప్టెన్‌ విచక్షణ, దానికి కారణం చెప్పగలగాలి.

మంచు కోసం అడిగినదీ కలిపితే 9,250 అయింది. ట్యాంకులో ఇప్పటికే 3,250 ఉంటే కొట్టించాల్సింది 6,000 కిలోలు. ట్యాంకర్‌ మీటరేమో లీటర్లలో తిరుగుతుంది. సాంద్రత 0.8 అయితే 7,500 లీటర్లు. ఇంత చిన్న భాగాహారంలో ఎవరు తప్పుతారు అనుకోకండి. 1983లో ఎయిర్‌ కెనడా బోయింగ్‌ 767లో కిలోల బదులు పౌండ్ల గుణకం వాడారు. 22,300 కిలోలు కావాల్సిన చోట సగం కూడా లేదు. రెండు ఇంజిన్లూ ఆగిపోతే గిమ్లీ అనే ఊళ్లోని పాత వైమానిక స్థావరంలో దించారు. అందరూ బతికారు. 1990లో న్యూయార్క్‌ దగ్గర అవియాంకా విమానంలో అంత అదృష్టం లేదు. ఇంధనం అయిపోతోందని చెప్పారు గానీ ‘ఎమర్జెన్సీ’ అన్న మాట వాడలేదు, 73 మంది చనిపోయారు. పైలట్ల రేడియో పరీక్షనూ, ఇంగ్లిష్‌ ప్రావీణ్యాన్నీ తేలిగ్గా తీసుకునేవాళ్లు ఆ కథ ఒకసారి చదవాలి.

పైలట్‌ లైసెన్స్‌ (సీపీఎల్‌)కు ఇంటర్‌లో ఫిజిక్స్‌, మ్యాథ్స్‌, కనీసం 18 ఏళ్ల వయసు, 200 గంటల ఫ్లయింగ్‌, క్లాస్‌-1 మెడికల్‌ ఉండాలి. నావిగేషన్‌, మెటియరాలజీ, ఎయిర్‌ రెగ్యులేషన్స్‌, టెక్నికల్‌ పేపర్లు పాసవ్వాలి. ఇంధనం లెక్కకు కావాల్సినదాంట్లో చాలావరకు మొదటి రెండింటిలోనే ఉంది, కాబట్టి బట్టీ పట్టకండి. శిక్షణకు బేగంపేటలో రాష్ట్ర ఏవియేషన్‌ అకాడమీ, అమేఠీ జిల్లాలో ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్‌ అకాడమీ ఉన్నాయి.

పైలట్‌ శిక్షణ ఖర్చు భరించలేనివాళ్లు ఫ్లైట్‌ డిస్పాచర్‌ ఉద్యోగం వైపు చూడాలి. ఇది చాలామందికి తెలియదు. వాతావరణం, దారి, బరువు చూసి ఫ్లైట్‌ ప్లాన్‌ తయారుచేసేది వీళ్లే. సొంతంగా విమానం నడిపిన గంటలు అవసరం లేదు. శిక్షణ పూర్తిచేసి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం పొందాలి. షిఫ్టులుంటాయి, రాత్రిళ్లు మేలుకోవాలి. లెక్కా వాతావరణమూ ఇష్టమైనవాళ్లకు ఇది పైలట్‌ కొలువుకు ఏమాత్రం తీసిపోదని నా అభిప్రాయం.

పైలట్‌ శిక్షణకే వెళ్తామంటే మాత్రం మెడికల్‌ పరీక్ష చేయించుకున్నాకే ఫీజు కట్టండి. చేరబోయే సంస్థ డీజీసీఏ ఆమోదిత జాబితాలో ఉందో లేదో మీరే స్వయంగా చూసుకోండి.